చప్పుడు దోషమా, దోషమునకు సాక్షియా?

గృహస్థునకు సాధారణముగా రెండు విధములయిన చెవు లుండును. బయటినుండి వచ్చు మాటను వినుట కొకటి. ఇంటిలోనుండి వచ్చు మాటను విననట్లుండుట కొకటి. వీధిలో బండిచక్రము కొంచెము కీచుమన్నచో నాతఁడు తల యెత్తి చూచును. వంటయింటిలో నొక యంత్రము నెల దినములు మొఱపెట్టుచున్నను "యంత్రమన్న తరువాత చప్పుడు చేయదా?" యని పత్రికపుట త్రిప్పును. ఈ రెండవ చెవిని గూర్చి మేము కొంత విచారింపఁదలఁచితిమి. విషయము చిన్నదే: మిక్సీ యను వంటయింటి యంత్రము చేసిన యొక వింత చప్పుడు. కాని దానిని విచారింపఁబోఁగాఁ దేలిన ప్రశ్న చిన్నది కాదు. ఒకచోట మొఱ వినఁబడినప్పుడు మనము మాన్పవలసినది మొఱనా, మొఱకుఁ గారణమునా? ఈ రెండును ఒకటే యని మనలోఁ జాలమంది తలంతుము. అవి యొకటి కావని మాకుఁ దెలియుటకు ఒక జారు, ఒక రుబ్బురోలు, ఒక యిల్లాలి భుజము కావలసివచ్చినవి.

మిక్సీ మన వంటయిండ్లకుఁ బ్రాఁతచుట్టము కాదు. మన యవ్వల కాలమున నూఱుటకు రోలు, రుబ్బుటకు రుబ్బురోలు, విసరుటకుఁ దిరగలి, దంచుటకు రోకలి యుండెను. సాధనములు నాలుగైనను వానిని నడుపు శక్తి యొక్కటే. అది యాఁడువారి భుజము. 1955లో కోయంబత్తూరునందు పి. సభాపతి యనువారు రుబ్బురోలికి విద్యుచ్ఛక్తిని జోడించి గ్రైండరును నిర్మించిరి. మిక్సీ కథ యింతకంటె విచిత్రమైనది. సత్యప్రకాశ మాథుర్ అను నింజనీరు భార్యయగు మాధురిగారు పరదేశపు మిక్సరు నొకదానిని వాడుచుండఁగా నది మన వంటల బరువునకు నిలువలేక చెడిపోయెను. మెత్తని వస్తువులను గలుపుటకై చేయఁబడిన యంత్రము నానఁబోసిన పప్పును, ఎండుమిరపకాయలను, పసుపుకొమ్ములను ఎట్లు నూఱఁగలదు? మన వంటకుఁ దగిన దానిని మీరే చేయరాదా యని యామె యడుగఁగా, భర్త దానిని విసుగుమాటగాఁ గాక శాస్త్రప్రశ్నగా స్వీకరించి, బలమైన మోటారుగల మిక్సీని నిర్మించెను. 1963 ప్రాంతమున ఆరంభమైన యా యుద్యమమే పిమ్మట సుమీత్ అను పేర దేశమెల్లఁ బ్రసిద్ధికెక్కినది. అనఁగా మన దేశపు మిక్సీకి జన్మకారణము భార్య మొఱను భర్త విని దాని హేతువును వెదకుటయే. ఆ యంత్రమును గొని యింటఁ బెట్టుకొనిన మాబోఁటివారము యంత్రమును గ్రహించితిమి గాని యా గుణమును గ్రహింపలేదు.

మా నివాసము పుంగనూరు. మా ప్రాంతపు వంటయిండ్లలో మిక్సీకి విశ్రాంతి తక్కువ. ప్రొద్దున దోసెలకు శెనగవిత్తుల పచ్చడి, మధ్యాహ్నము రాగిసంగటికి ఊరుబిండి, మదనపల్లె సంతలోఁ జవుకయైన నాళ్ళలో టమాటాపచ్చడి. ఒక దినమున మా యిల్లాలు, "చిన్న జారు పెడితే మిక్సీ ఏందో ఏడుస్తా ఉంది, ఒకసారి చూడండి" అనెను. మేము పైని వ్రాసిన ప్రత్యుత్తరమునే యిచ్చితిమి. మూఁడు దినముల తరువాత నామె మఱల చెప్పెను. "నువ్వు ఎక్కువ వేస్తావు, అందుకే" యంటిమి. ఎంత వేయుచున్నదో మేము చూచినది లేదు. పదియవ దినమున నామె మూఁడవమాఱు చెప్పఁగా, "ఆదివారము చూతము" అంటిమి. ఆదివారములు రెండు గడచినవి. అటుపిమ్మట చప్పుడు వినఁబడుట మానెను. మేము సంతోషించి, యంత్రములలోఁ గొన్ని దోషములు వానియంతట నవియే సర్దుకొనునని మిత్రుల కొకరిద్దఱకు బోధించితిమి కూడ.

ఒకనాఁడు తిరుపతి బస్సునకై తెల్లవాఱుజామున నాలుగున్నరకు లేచితిమి. పెరటిలో ఱాతిమీఁద ఱాయి యొఱయు చప్పుడు వినఁబడెను. పోయి చూడఁగా మా యిల్లాలు విద్యుద్దీపము క్రింద రుబ్బురోలిముందుఁ గూర్చుండి శెనగవిత్తులు రుబ్బుచున్నది. కుడిభుజమునకు గుడ్డ కట్టుకొనియున్నది. ఇదేమని యడిగితిమి. "జారు కింద నల్లనీళ్ళు కారతా ఉన్నాయి. లోపల పచ్చడిలో గూడా పడతాయి గదా, పిల్లలు తినేది. మీతో మూడుసార్లు చెప్పితిని" అని యామె పొత్రమును త్రిప్పుట మానకయే చెప్పెను. ఆ మాటలో కోపము లేదు. కోపమున్నచో మాకుఁ గొంత సులభముగా నుండెడిది.

మేము విన్న నిశ్శబ్దము స్వస్థత కాదు. అది యొక మనుష్యురాలు అడుగుట మానుకొనిన నిశ్శబ్దము. యంత్రము చేయు చప్పుడు పోయినది. దాని స్థానమున మేము నిద్రించు వేళ ఱాతిచప్పుడు వచ్చినది. యంత్రమునందలి లోపము భుజమునందలి నొప్పిగా మాఱినది. లోకములో "సద్దుమణఁగినది" యని మనము తృప్తిపడు చోట్ల నెన్నిట నిట్లే జరుగుచుండునో చదువరు లాలోచింపవలెను. నిశ్శబ్దమునకు హేతువులు మూఁడు. దోషము లేకపోవుట మొదటిది. దోషమున్నను వినువాఁడు లేకపోవుట రెండవది. చెప్పి చెప్పి చెప్పువాఁడు మానుట మూఁడవది. బయటినుండి చూచువానికి మూఁడును ఒక్కతీరుగనే యుండును. కనుక శాంతిని జూచి సంతోషించుటకు ముందు, ఇది యే జాతి శాంతి యని యడుగుట గృహస్థుని ధర్మము, గ్రామపెద్ద ధర్మము, ప్రభుత్వముయొక్క ధర్మమును.

మఱునాఁడు మిక్సీని, జారులను సంచిలో వేసికొని మదనపల్లెకుఁ బోయితిమి. అచ్చట నొక సందులో ప్రాఁతమిక్సీల నడుమఁ గూర్చుండు వృద్ధశిల్పి యొకఁడు కలఁడు. అతఁడు సంచి విప్పకముందే ప్రశ్నలారంభించెను. "ఎన్ని దినాలైంది సార్ ఈ శబ్దం మొదలై? అన్ని జార్లకూ వస్తాదా, ఒకదానికేనా? ఖాళీగా తిప్పితే వస్తాదా, లోపల సరుకుంటేనే వస్తాదా? ముందు శబ్దమా, ముందు నీళ్ళు కారడమా?" మేమొక్కదానికిని సమాధానము చెప్పలేకపోతిమి. పట్టభద్రులము, పత్రికలకు వ్యాసములు వ్రాయుదుము, మా యింట నెలదినములు మ్రోఁగిన చప్పుడును గూర్చి నాలుగు సులభప్రశ్నలలోఁ దప్పితిమి. అతఁడు నవ్వి, "మిక్సీ ఆడించే వాళ్ళ చెవి గావల్ల సార్. అమ్మకు ఫోన్ చేసి ఇట్లియ్యండి" అనెను.

ఫోనులో మా యిల్లాలు చెప్పినది మేము ప్రక్కనుండి వింటిమి. చిన్నజారునకే వచ్చును, పెద్దజారునకు రాదు; మొదట సన్నని కీచుచప్పుడు, పది దినముల తరువాత గరగరమనుట, ఆపైని నల్లనీరు; సరుకు లేకున్నను వచ్చును, ఉన్నప్పు డధికము. శిల్పి ఫోనును మాకిచ్చి, "ఇంక ఇప్పేదేముంది సార్, అమ్మ చెప్పేసింది. చిన్న జారు బుష్షు పోయింది" అనెను. పిమ్మట జారును దలక్రిందులు చేసి, అడుగుననున్న కప్లరును బట్టి యూఁపి చూపెను. బ్లేడు నిలుపు కడ్డీ యటునిటు నాడుచుండెను. ఆ కడ్డీ తిరుగుటకు చుట్టునుండు లోహపుగొట్టమే బుష్షు. అది యఱిగినచో కడ్డీ వంకరగాఁ దిరిగి కీచుమనును. దానిని గాపాడు సీలు చెడినచో పైనుండి తడి క్రిందికిని, క్రిందినుండి జిడ్డును లోహపుఁబొడియును గలసిన నలుపు పైకిని బోవును. ఆమె తినుపదార్థమును గూర్చి భయపడుట పూర్ణముగా న్యాయము.

"ఇంత తొందరగా ఎందుకు పోయిందంటావు?" అని యడిగితిమి. "రాత్రంతా జారును నీళ్ళలో నానబెడతారేమో సార్. నీళ్ళు బుష్షులోకి దిగి జిడ్డును కడిగేస్తాయి, తుప్పు పడతాది" అనెను. రాత్రి భోజనానంతరము చిన్నజారులో మజ్జిగ చిలికించుకొని త్రావి, దానిని నీటితో నింపి తొట్టిలోఁ బెట్టువారము మేమే. ఇంట మఱెవరికిని ఆ యలవాటు లేదు. మూఁడుమాఱులు మొఱను ద్రోసిపుచ్చినవాఁడే మొఱకు మూలకారణ మగుట మా యింటిలో మాత్రమే జరుగునా? మొఱను వినుటకు మనుష్యుఁడు వెనుదీయుట తఱచుగా బద్ధకమువలననే యని తలంతుము. ఆ బద్ధకము క్రింద నొక భయము కూడ నుండును. విచారణ సాగినచో అది తన వాకిటికే వచ్చు నేమో యను భయము.

ఆ శిల్పి యడిగిన ప్రశ్నలలో మన న్యాయశాస్త్రము చెప్పు నన్వయవ్యతిరేకముల పద్ధతి యంతయుఁ గలదు. ఏది యున్నప్పుడు దోషము కనఁబడునో, ఏది లేనప్పుడు కనఁబడదో చూచి హేతువును నిశ్చయించుట యా పద్ధతి. యంత్రము నడుపు సోదరీమణులకు దీనిని చెప్పుట గురువునకుఁ బాఠము చెప్పుట వంటిది. మాబోఁటి పురుషులకొఱకుఁ గొంత వివరింతుము. జారును దీసివైచి, మోటారును మాత్రము రెండు మూఁడు క్షణములు త్రిప్పవలెను. చప్పుడు పోయినచో దోషము మోటారునందు లేదు. ఒక జారు పెట్టినప్పుడే వచ్చినచో నా జారు బుష్షునందో, బ్లేడునందో, దాని క్రింది కప్లరునందో కలదు. అన్ని జారులకును వచ్చుచు, జారు లేనప్పుడు రాకున్నచో పీఠముమీఁది కప్లరును అనుమానింపవలెను. దాని పండ్లఱిగినచో టకటకమని మ్రోఁగుచు, మోటారు తిరుగుచున్నను బ్లేడు నిలిచిపోవును, ఱబ్బరు కమరిన వాసన వచ్చును. జారు లేకున్నను చప్పుడు వచ్చినచో దోషము మోటారుదే. చిటపటమని నిప్పురవ్వలు కనఁబడినచో కార్బను బ్రష్షులఱిగియుండును. వానిని జతగా మార్పవలెను. సన్నని యీల యెడతెగక వినఁబడినచో మోటారు బేరింగులు జిడ్డు చాలక యెండియుండును. యంత్రమంతయు గడగడ వణఁకుచున్నచో ముందుగాఁ జూడవలసినది మోటారును గాదు, పీఠము క్రింది ఱబ్బరుకాళ్ళను. గుఁయ్యని మ్రోఁగి తిరుగకున్నచో తక్షణమే స్విచ్చి నాఁపవలెను. కదలని మోటారునందు విద్యుత్ప్రవాహ మధికమై చుట్టుతీఁగ కాలిపోవును. భారమధికమై యాఁగినచో, కొంతసేపు చల్లాఱనిచ్చి, చాల యంత్రములలో అడుగుననుండు ఎఱ్ఱమీటను నొక్కవలెను. ఏ పరీక్షకైనను చేయి పెట్టుటకు ముందు ప్లగ్గును దీయుట మఱవరాదు.

ఇందు మఱియొక సూక్ష్మము కలదు. ప్రతి చప్పుడును దోషము కాదు. మిక్సీమోటారు వట్టిగాఁ దిరుగునప్పుడు నిమిషమునకు సుమారు 18,000 మొదలు 20,000 వఱకు చుట్లు తిరుగును; అది నిశ్శబ్దముగా నుండు మన్నచో నుండదు. ఆరోగ్యపు చప్పుడేదో, రోగపు చప్పుడేదో యెఱుఁగవలెనన్నచో నిత్యము వినెడి చెవి కావలెను. ఒకమాఱు వచ్చి చూచిన పండితునకు రెండును గోలయే. ఈ కారణముచేతనే శిల్పి మమ్ము విడిచి మా యిల్లాలి నడిగెను. గౌతముని న్యాయము జ్ఞానమునకు నాలుగు ప్రమాణములను జెప్పినది: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. ఇచ్చట శబ్దమనఁగా చప్పుడు కాదు, ఆప్తవాక్యము; విషయమును జక్కఁగా నెఱిఁగి, యున్నదున్నట్లు చెప్పువారి మాట. మేము కళాశాలలో దీనిని జదివి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. కాని మా వంటయింటి విషయమున ఆప్తురాలెవరను ప్రశ్న మాకు నలువది యేండ్లలో నొకమాఱైనను దోఁచలేదు. ఋషుల మాట ప్రమాణమా కాదా యని రాత్రులు వాదించితిమి. దినమునకు మూఁడుమాఱులు యంత్రము నడుపునామె "ఇది యేడ్చుచున్నది" యని చెప్పఁగా ఆ మాటకు మా తర్కమునఁ జోటు లేకపోయెను. ఆమె పలికిన పదము శాస్త్రపదము కాకపోవచ్చును. "కీచుమనుచున్నది" యనక "ఏడుస్తా ఉంది" యనుటచేత మేము దానిని స్త్రీసహజమైన యతిశయోక్తిగాఁ దలఁచితిమి. మాట తీరు నాక్షేపించి మాటలోని విషయమును ద్రోసివేయుట బలవంతుల చేతిలోని మిక్కిలి ప్రాఁత యాయుధము. కూలివాఁడు అఱచి యడిగినచో మర్యాద తెలియదందుము. మెల్లగా నడిగినచో వినఁబడలేదందుము.

మదనపల్లె చేరువనే ఆరోగ్యవరము కలదు. 1915 ప్రాంతమున నచ్చట క్షయరోగులకై చికిత్సాలయము వెలసెను. డెన్మార్కు దేశీయుఁడగు ఫ్రిమోట్ మోలర్ అను వైద్యుఁడు చిరకాలము దానికి నాయకుఁడుగా నుండెను. స్ట్రెప్టోమైసిను 1943లోఁ గనుగొనఁబడువఱకు క్షయకు గుఱితప్పని మందు లేదు. విశ్రాంతి, మంచిగాలి, పుష్టికరాహారము ఇవియే చికిత్సలో ముఖ్యములు. వైద్యుని చేతనుండు ముఖ్యసాధనములలో నొకటి వినికిడి. 1816లో పారిసు నగరమున లెన్నెక్ అను వైద్యుఁడు కాగితమును గొట్టముగాఁ జుట్టి రోగి ఱొమ్ముపైఁ బెట్టి విని, స్టెతస్కోపునకు మూలపురుషుఁడయ్యెను. ఊపిరితిత్తులలోని యొక్కొక్క చప్పుడు నొక్కొక్క దోషముతో సరిపోల్చి 1819లో గ్రంథము ప్రకటించెను. ఆయనయు 1826లో క్షయచేతనే మరణించెను. ఇచ్చట మేము గమనింపఁగోరున దొక్కటే. దగ్గు రోగము కాదు, రోగమునకు సాక్షి. దగ్గు నణఁచు మందుతో క్షయరోగిని నిశ్శబ్దునిగాఁ జేయవచ్చును. ఇంటివారు సుఖముగా నిద్రింతురు. రోగము మాత్రము నిద్రింపదు. సాక్షిని నోరు మూయించి వ్యాజ్యము గెలిచితిమనుకొనుట యెంత న్యాయమో, చప్పుడు నణఁచి యింటిని బాగుచేసితి మనుకొనుటయు నంతే న్యాయము.

హేతువును వెదకుట మేలని యొప్పుకొనినవారును ఒక్కొక్కప్పుడు హేతువునకు మాఱుగా అపరాధిని వెదకుదురు. ఇది కుప్పములో మా బంధువులయింట మేము చూచినది. తెలుఁగు, తమిళము, కన్నడము మూఁడును ఒక్క యంగడిలో వినఁబడు నూరది. ఆ యింట నొక గ్రైండరు కలదు. క్రొత్తకోఁడలు కాపురమునకు వచ్చిన వారములోనే యది త్రిప్పిన ప్రతిమాఱును కీచుమని యఱవసాగెను. "పన్నెండేండ్లు నా చేతిలో నోరెత్తలేదు, ఈ పిల్ల చెయ్యి పడినప్పుట్నించి అఱుస్తా ఉంది" అని యత్తగారు వచ్చినవారి కందఱకును జెప్పుచుండిరి. కోఁడలు మాఱు పలుకలేదు. కాకి వాలుటయు తాటిపండు రాలుటయు నొక్కమాఱు జరిగినంతమాత్రమున కాకియే పండును రాల్చినదనుట కాకతాళీయము. దోషము పుట్టినప్పుడు దగ్గఱనున్నది బలహీనులైనచో మనకా తర్కము సులభముగా దోఁచును.

మేము అప్పటికి మదనపల్లె పాఠము నేర్చినవారము గనుక అత్తగారితో, "అక్కా, ఒకసారి నువ్వే తిప్పి చూడు" అంటిమి. ఆమె త్రిప్పఁగా నది యట్లే యఱచెను. వ్యతిరేకము తేలినది, కోఁడలి చేయి లేకున్నను చప్పుడు కలదు. మఱి యా వారములో మాఱిన దేమి? కోఁడలితో వచ్చిన సారెబీరువాకుఁ జోటుచేయుటకై మగవారు గ్రైండరును నేలమీఁద నీడ్చి మూలకుఁ జేర్చిరి. ఆ యీడ్పులో మోటారు బిగింపు జాఱి బెల్టు వదులై, బరువు పడఁగానే జాఱుచు కీచుమనుచున్నది. పనివానిని బిలిపించి మోటారును జరిపి బెల్టు బిగింపఁగా చప్పుడు పోయెను. అత్తగారు మంచివారు, "అయ్యో, నోరు పారేసుకొంటినే" యని యొకమాఱనిరి. కాని యా మూఁడు వారములలో ఇరుగుపొరుగుల చెవినిఁ బడిన మాటను బిగించి సరిచేయు పనివాఁడెక్కడ? దోషనిర్ణయమునందు తొందరపాటు యంత్రమునకుఁ జేయు హాని చిన్నది. మనుష్యునకుఁ జేయునది పెద్దది.

మా వాదమున కాక్షేపణలు లేకపోలేదు. కొందఱు పెద్దలు, "రోలు నూఱిన పచ్చడి రుచి మిక్సీకెక్కడిది? వ్యాయామము, ఆరోగ్యము, యంత్రము చెడుటయే మేలు" అందురు. రుచి విషయమున మేము వాదింపము. రోటిపచ్చడి రుచి మాకును దెలియును. కాని రోలిని బొగడువారిలో రోకలి పట్టినవారెందఱు? ఎవరికి రుచి ముఖ్యమో వారు వారమునకు రెండు దినములు తాము లేచి రుబ్బినచో, ఆ స్తోత్రమునకు విలువ కలుగును. ఒకరి భుజముమీఁద మఱియొకరు చేయు తపస్సు ధర్మము కాదు.

మఱికొందఱు నవీనులు, "ఇంత విచారణ యెందుకు? ప్రాఁతది పాఱవైచి క్రొత్తది కొనరాదా?" యందురు. చప్పుడును భరించుట కంటె నిది చుఱుకైన మార్గమే. కాని యిదియు వినకుండుటలో నొక విధమే. జారును రాత్రియంతయు నాననిచ్చు చేయి మాఱకున్నచో క్రొత్తజారునకును అదియే గతి పట్టును. హేతువు మన యలవాటునందుండఁగా వస్తువును మార్చిన ఫలమేమి? పైగా పాఱవైచిన యంత్రము మాయమైపోదు. దాని రాగి, ఇనుము, ప్లాస్టిక్కు ఎవరిదో యొక వాకిటఁ జేరును. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానికు వ్యర్థముల నియమములు ఆ భారమును తయారుచేయువారిపై నుంచినవి; మంచిదే. కాని నియమము పనిచేయుట చెత్తకుండిదగ్గఱ. వివేకము పనిచేయవలసినది వంటయింట.

మూఁడవ యాక్షేపణ యింతకంటె బలమైనది. ప్రతి మొఱను వినుచుఁ గూర్చున్నచో సంసార మెట్లు సాగును, సణుగు నలవాటు పెరుగదా యని కొంద ఱడుగుదురు. ప్రతి మొఱయు సత్యమని మేమనుట లేదు. శిల్పియు చప్పుడు వినఁబడినంతమాత్రమున బుష్షు మార్చలేదు, ప్రశ్నించెను, పరీక్షించెను. మేము కోరునది నమ్మకము కాదు, విచారణ. మొఱ యసత్యమైనచో విచారణచేతనే యది తేలును, పెట్టినవారికిని దృప్తి కలుగును. సణుగుట పెరుగునది వినినచోటఁ గాదు, విననిచోట. ఒకమాఱు చెప్పినఁ దీఱునది పదిమాఱులు చెప్పవలసివచ్చుటయే సణుగుట. పదునొకండవమాఱు చెప్పకుండుట యంతకంటెఁ బ్రమాదకరము.

మా జారునకు బుష్షు, సీలు, బ్లేడు మార్చుటకు అరగంట పట్టినది; రెండువందల రూపాయలలోపు వ్యయమైనది. భుజమునొప్పి తగ్గుటకు నెలన్నర పట్టినది. ఈ రెండు లెక్కలను బ్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుట మాకంత సులభముగా లేదు, అయినను వ్రాయుచున్నాము. ఇప్పుడు రాత్రి మజ్జిగ త్రాగిన పిమ్మట జారును మేమే కడిగి, తుడిచి, బోరగిలించి పెట్టుచున్నాము. ఇది గొప్ప సంస్కార మని చెప్పుట లేదు; మేము చేసిన దోషము మేము మానుట మాత్రమే.

చదువరులలో గృహస్థులగు వారికొక మనవి. ఈ రాత్రి మీ యింట నిశ్శబ్దముగా నున్నచో సంతోషింపుఁడు. కాని మీరొకప్పుడు విని, ఇప్పుడు వినని మొఱ యేదైన నున్నదా యని జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. ఉన్నచో, అది తీఱినందున మానెనో, తీఱదని మానెనో, మొఱపెట్టినవారినే పోయి యడుగుఁడు. అడిగినప్పుడు వారు వెంటనే చెప్పకపోవచ్చును. మా యిల్లాలును మొదట "ఏమీ లేదులే" యనెను. మేము రుబ్బురోలి ప్రక్కనఁ గూర్చుండి, పొత్రమును మా చేతిలోనికిఁ దీసికొనిన పిదపనే తక్కిన మాటలు వచ్చినవి.